మన కేసెట్టు దొరికింది

విద్యానగర్, హైదరాబాద్
ఆదివారం రాత్రి

ఒరేయ్ మామా,

ఎలా ఉన్నావు? చెల్లెమ్మ, పిల్లలు కులాసానా? ఫోన్‌లో చెబుదామనుకున్నాను గానీ ఇది ఫోన్‌లో తేలే సంగతి కాదు. మన బ్యాండ్ పాట రికార్డు చేసిన కేసెట్టు దొరికిందిరా!

ఇంటికి రంగులు వేయిస్తున్నాం. అటక మీది సామాను దింపుతుంటే అమ్మ ట్రంకు పెట్టెలో, పాత పట్టుచీరల అడుగున కనబడింది. పైన నీ చేతిరాత, 'ఫైనల్, ఏప్రిల్ 97' అని. వేసి చూస్తే దుప్పటి కప్పుకుని పాడినట్టు వినబడింది. టేపును హెడ్‌కు ఆనించే చిన్న ఫెల్టు ముక్క ఊడిపోయింది. నాన్న భజన కేసెట్టు ఒకటి విప్పి, అయిదు స్క్రూలూ తీసి, మన టేపును ఆ డబ్బాలోకి మార్చాను. చేతులు వణికాయి. టేపు మడత పడితే మళ్ళీ దొరకదు కదా. ఈసారి వేస్తే నీ సైడ్ డ్రమ్ము గదిలోనే మోగింది.

అంతా మనకు 'మనీ' అనే పాటతోనే మొదలైంది, గుర్తుందా? ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీద పుస్తకాల మధ్య దొరికిన ఇంగ్లిష్ రాక్ బ్యాండ్ పింక్ ఫ్లాయిడ్ కేసెట్టు. 1973 ఆల్బమ్, మన చేతికి వచ్చేసరికి ఇరవై ఏళ్ళు దాటింది. మేం ముగ్గురం మొదట్లో వచ్చే ఆ చిల్లర శబ్దానికే ఆశ్చర్యపోతుంటే నువ్వు మాత్రం తొడ మీద తాళం వేసుకుంటూ కూర్చున్నావు. కాసేపటికి తలెత్తి "ఒరేయ్, ఇది ఏడు దెబ్బల తాళం! తకిట తకధిమి. మిశ్ర చాపురా!" అని అరిచావు. గిటార్ సోలో దగ్గర నాలుగు దెబ్బల లెక్కలోకి మారిందని కూడా పట్టింది నువ్వే. అప్పటిదాకా ఇలా తాళాలు మార్చుకుంటూ సాగే ప్రోగ్రెసివ్ రాక్ అంటే మనకు అందని ఏదో పెద్ద చదువులా ఉండేది. చిక్కడపల్లిలో మృదంగం నేర్చుకునే పిల్లాడి తొడ మీదికి అది అంత సులువుగా వచ్చి కూర్చుంటుందని ఎవడు అనుకున్నాడు?

ఆ తర్వాత ఏడాదిన్నర మన లోకమంతా మీ మేడ మీద వాటర్ ట్యాంకు పక్క గదే. కిరాణా కొట్టువాణ్ణి బతిమాలి తెచ్చిన గుడ్ల అట్టలు గోడలకు కొట్టాం. గివ్‌సన్ గిటార్ పొడుగోడిది. బాస్ లేక బండోడు మామూలు గిటార్ మీద పై రెండు లావు తీగలే వాయించేవాడు. డ్రమ్ము పెళ్ళిళ్ళ బ్యాండు మేళం వాళ్ళది. ముహూర్తాలు లేని రోజుల్లోనే మన ప్రాక్టీసు! మైక్ సెట్టు అబ్బాయి పాత ఆంప్లిఫైయర్ ఇచ్చాడు గానీ పాట కంటే దాని గుయ్యిమనే హమ్మే ఎక్కువ వినబడేది. ఫిల్టర్ కెపాసిటర్లు ఎండిపోయాయని తేలాక కోఠీ గుజరాతీ గల్లీకి వెళ్ళి కొత్తవి తెచ్చి, బండోడు సోల్డరింగ్ చేస్తుంటే నేను టార్చి పట్టుకున్నాను. స్విచ్ వేయగానే గదంతా నిశ్శబ్దం. మీ అమ్మ చేసిన సర్వపిండి ఆ రోజు రెండు గిన్నెలు ఖాళీ చేశాం.

మన పాటకు పేరు కూడా పెట్టలేదు చూడు. నువ్వూ నేనూ మిశ్రం ఏడు, ఖండం అయిదు కలిపి వాయిస్తుంటే పొడుగోడు నాలుగును మూడుసార్లు తిప్పాలి. అటు పన్నెండు, ఇటు పన్నెండు. విడిపోయి తిరిగి అందరం ఒక్క దెబ్బ మీద సమంలో కలవాలి. నెల రోజులు కలవలేదు. ఒక సాయంత్రం కలిసింది. పొడుగోడు వాయించడం ఆపి నీ మొహం చూశాడు. ఇంకా నమ్మకం కుదరనట్టు ఉంది వాడి మొహం.

1996 వినాయక చవితి పందిట్లో వాయించినప్పుడు పదకొండు నిమిషాలయ్యాక కూడా ఎవరూ చప్పట్లు కొట్టలేదు. పాట అయిపోయిందని వాళ్ళకు తెలియలేదు. అదేమీ నన్ను బాధ పెట్టలేదు. ముందు వరసలో మీ మృదంగం మాస్టారు మొదటి నుంచి చివరి దాకా చేత్తో తాళం వేయడం చూశాను, నాకది చాలు. తర్వాత దగ్గరికి వచ్చి "మిశ్రం బాగానే పట్టారు. ఖండంలోకి దిగేటప్పుడు పరిగెడుతున్నారు నాయనా. కాలప్రమాణం, అదే వేగం, నిలపండి" అన్నారు. మన పాట మీద ఎవరైనా అన్న మంచి మాట ఇప్పటికీ నాకు అదొక్కటే.

ఇక అసలు విషయం. 97 జూన్‌లో నిన్ను విజయవాడ హాస్టల్లో వేశారు. ఎంసెట్ అంటే ఇంట్లో ఎదురు చెప్పే రోజులా అవి? నువ్వు వెళ్ళావు, బ్యాండ్ అయిపోయింది. ఇన్నేళ్ళూ నేను అందరికీ అలాగే చెప్పాను. నీతో కూడా ఒకటి రెండుసార్లు అలాగే అన్నాను.

టేపులో పాట అయ్యాక రికార్డింగ్ వెంటనే ఆగలేదురా. నీ గొంతు వినబడుతుంది: "మాస్టారు చెప్పిన చోట ఇంకా కొంచెం పరిగెడుతోంది. ఇంకోసారి చేద్దామా?" ఆ తర్వాత నా గొంతు: "ఎందుకు, నువ్వెలాగూ పోతున్నావుగా." టక్కున బటన్ నొక్కిన శబ్దం.

నాలుగైదుసార్లు వెనక్కి తిప్పి విన్నాను. నువ్వు ఊరు వదలడానికి ఇంకా రెండు నెలలుంది అప్పటికి.

ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ జెనెసిస్ వాళ్ళు కూడా స్కూలు స్నేహితులే కదా, చార్టర్‌హౌస్ స్కూల్లో 1967లో మొదలుపెట్టారు. 1970లో ఆంథొనీ ఫిలిప్స్ వెళ్ళిపోయాడు, స్టేజి భయం తట్టుకోలేక. గిటారూ అతనిదే, పాటలు కట్టడంలోనూ ముందున్నవాడు. ఆపేద్దామా అనే దాకా వచ్చి కూడా మిగిలినవాళ్ళు నిలబడ్డారు. ఫిల్ కాలిన్స్ డ్రమ్స్ మీదికి వచ్చాడు. రెండేళ్ళకే ఇరవై మూడు నిమిషాల పాట ఇచ్చారు. మేం ముగ్గురం ఊళ్ళోనే ఉన్నాం కదరా. గది ఉంది, ఆంప్లిఫైయర్ ఉంది. నేను ఒక్కసారి కూడా మీ మేడ ఎక్కలేదు. మీ అమ్మ రెండుసార్లు కబురు పెట్టింది, అయినా వెళ్ళలేదు. బ్యాండ్‌ను ఆపింది నువ్వు కాదు, నేను. ఈ మాట నీకు రాయాలనే కూర్చున్నాను.

టేపు కంప్యూటర్‌లోకి ఎక్కించాను, రేపు పంపిస్తా. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని విను. నాలుగో నిమిషం దగ్గర జాగ్రత్తగా విను, నువ్వు చెప్పింది నిజమే, పరిగెడుతోంది. పొడుగోడితో మాట్లాడాను, సంక్రాంతికి వస్తానన్నాడు. బండోడు ఉప్పల్‌లోనే ఉన్నాడు. సైడ్ డ్రమ్ము నేను చూస్తాను. నువ్వు టికెట్ చేయించుకో, ఇంకోసారి చేద్దాం.

నీ
కీబోర్డువాడు