ఇల్లు ఇచ్చారు సరే, బస్సు ఎక్కడ ఎక్కాలండి?

సంపాదకులు గారికి నమస్కారం అండి,

పల్లెటూళ్లలో ఈసారి పేదోళ్లకి 3 సెంట్ల చొప్పున ఇళ్ల స్థలాలు ఇస్తామంటున్నారు కదా, దానికోసం మళ్ళీ భూములు వెతుకుతారు, ఆ వెతికే ముందే ఒక మాట చెప్పుకుందామని రాస్తున్నాను. కొలతలేసి రాళ్లు పాతేశాక చెప్తే ఎవరు వింటారండి.

నేను అమలాపురం దగ్గర ఒక ఊళ్లో పోస్ట్‌మ్యాన్‌గా చేసి రిటైరయ్యాను. కాలవ గట్లెంట సైకిల్ తొక్కీ తొక్కీ ఏ ఇంటికి సెంటర్ ఎంత దూరమో నా మోకాళ్లకి బాగా తెలుసు (ఇప్పుడు ఆ మోకాళ్లే డాక్టర్ దగ్గరకి తిప్పుతున్నాయి, అది వేరే సంగతి). 2020 డిసెంబర్ నుంచి పట్టాలు పంచారు కదా, అప్పుడు మా కోడలి పేరు మీద సెంటున్నర వచ్చింది. సంతోషమే, కాదనను, తాతల కాలం నించి మాకు సొంత జాగా అన్నది లేదు. కానీ ఆ కాలనీ ఎక్కడుందంటే ఊరి సెంటర్‌కి 3 కిలోమీటర్లు, పుంత రోడ్డు చివర, ఒకప్పటి పల్లపు వరి చేలో. లక్షా ఎనభై వేలు సాయం, మిగతాది అప్పు, ఎలాగో ఇల్లు లేచింది.

కోడలు అమలాపురంలో బట్టల షాపులో చేస్తుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆడోళ్లకి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్‌లు ఫ్రీ కదా. బస్సు ఫ్రీయే, ఆ బస్సు దగ్గరికి వెళ్లడానికే ఆటోకి రానూపోనూ 40 రూపాయలు, నెలకి 26 రోజులేసుకోండి, వెయ్యి దాటింది. రాత్రి ఏడు దాటితే ఆ ఆటో కూడా ఉండదు, మా వాడు బండేసుకుని సెంటర్లో ఎదురు చూడాలి, ఆ బండికి కిస్తీ, పెట్రోలు. మా లైన్లో ప్రతి ఇంటి ముందూ ఒకటో రెండో బండ్లుంటాయి, చూసినోళ్లు బాగా సంపాదిస్తున్నారనుకుంటారు. బండి లేకపోతే కాలనీలోంచి బయటకి రాలేం, అదీ సంగతి. కొంతమంది శ్లాబ్ వేసుకుని కూడా తాళం వేసేసి ఊళ్లోనే అద్దెకుంటున్నారు, పిల్లల స్కూల్ దగ్గరని.

బస్సు వెయ్యమని డిపోకి వెళ్లి అడిగాం. వాళ్లు చెప్పింది కూడా అబద్ధం కాదండి. కల్వర్టు ఇరుకు, లోపలికొస్తే తిప్పుకోడానికి జాగా లేదు, పైగా ఓఆర్ (సీట్లు ఎంతవరకు నిండుతాయన్న లెక్క) రాదన్నారు. అదే కాలనీకి రెండు వైపులా దారి పెట్టి, బస్సు ఒక వైపు వచ్చి ఇంకో వైపు వెళ్లిపోయేలా ప్లాన్ గీసి ఉంటే? లేదా చివర్లో బస్సు తిరిగేంత జాగా వదిలి, కల్వర్టు ఇంకొంచెం వెడల్పుగా కట్టి ఉంటే? ఆ ప్లాన్ వేసినప్పుడు డిపో వాళ్లని ఒక్కసారైనా పిలిచారా అని నా డౌటు.

అసలు మన డెల్టా ఊళ్లు చూడండి. 1852లో కాటన్ దొర ఆనకట్ట పూర్తయ్యి కాలవలు పారాక, ఆ కాలవల మీదే రాదారి పడవలు తిరిగేవి, ఊళ్లు కూడా గట్ల పొడుగునా దండలో పూలల్లే సాగాయి. తర్వాత అవే గట్ల మీద రోడ్లు పడ్డాయి, ఎర్ర బస్సులు వచ్చాయి. ఒక్క బస్సు గట్టు మీద తిన్నగా పోతే పది ఊళ్ల జనం ఎక్కుతారు, ఇంతకన్నా బస్సుకి అనువైన చోటు ఇంకెక్కడుంటుంది? మనమేమో ఆ లైన్ వదిలేసి చేల మధ్యలో కాలనీలు పెడుతున్నాం. బస్సు 3 కిలోమీటర్లు లోపలికి రావాలంటే రానూపోనూ 6, ట్రిప్పు ట్రిప్పుకీ అంత డీజిల్ ఎవరు పోస్తారు?

రోడ్డు పక్కన భూమి రేటెక్కువ అంటారు. నిజమే, ఇక్కడ కొబ్బరి తోట అమ్మడమే కష్టం. కానీ ఆ పల్లపు చేను మెరక చెయ్యడానికి ఎన్ని టిప్పర్ల మట్టి పోశారు, కరెంటు స్తంభాలకి, నీళ్ల పైపులకి, రోడ్డుకి ఎంతైంది, అవన్నీ కూడా కలిపి లెక్కేశారా? ఆ పైన మాలాంటి ఇంటింటికీ నెలకి వెయ్యి రూపాయలు, అది ఏ లెక్కలోకీ రాదు. ఊళ్లోనే పాడుబడ్డ జాగాలు, పడిపోయిన పాత గోడౌన్లు ఎన్ని లేవు? వందిళ్లు ఒకచోటే ఉండాలని ఏముంది, పాతికేసి నాలుగు చోట్ల ఇచ్చినా ఊళ్లో కలిసిపోతారు.

విద్యాహక్కు చట్టం రూల్స్‌లో చిన్న బడి 1 కిలోమీటరులో, ఆ పై బడి 3 కిలోమీటర్లలో ఉండాలని రాసుకున్నారు. ఇళ్ల స్థలానికి కూడా అలాంటి రూలే పెట్టండి, బస్సు ఆగే చోటికి అర కిలోమీటరు దాటకూడదని. ఆ అర కిలోమీటరు కూడా నడిచే దారిలా ఉండాలి, లైట్లుండాలి, పక్కన ఒక వరస చెట్లుండాలి, వర్షాకాలం మోకాలి లోతు నీళ్లలో చెప్పులు చేత పట్టుకుని నడిచేది దారి కాదు కదా.

ఇంకోటి. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో రైలు వేశారు, యుద్ధం రోజుల్లో 1940లో పట్టాలు పీకేశారు, మళ్ళీ రైలు తిరిగింది 2004లో. కోటిపల్లి నుంచి అమలాపురం మీదుగా నరసాపురం దాకా లైన్ అని ఇన్నేళ్లుగా నడుస్తోంది, ఎప్పటికైనా పూర్తవుతుంది. అయ్యేనాటికి స్టేషన్ల చుట్టూ వెంచర్ల రంగు జెండాలే మిగుల్తాయి, పేదోళ్ల ప్లాట్లు మాత్రం మళ్ళీ పుంత చివరే. ఇప్పుడే స్టేషన్ల దగ్గర కొంత జాగా ఇళ్లకని పక్కన పెట్టలేమా?

అధికారులకి నాదొకటే విన్నపం. ఈసారి స్థలం చూడ్డానికి కారులో రాకండి, జూలైలో రండి, డిపో వాళ్లని కూడా తీసుకురండి, ఆ స్థలం నుంచి బస్సు స్టాపు దాకా గొడుగేసుకుని ఒక్కసారి నడిచి చూశాకే సర్వేయర్‌ని పిలవండి. దారి తెలీకపోతే నేనొస్తాను, సైకిల్ ఇంకా ఇంట్లోనే ఉంది, గాలి కొట్టించాలంతే.

ఇట్లు
ఒక రిటైర్డ్ పోస్ట్‌మ్యాన్, కోనసీమ