లాప్‌టాప్ కొరియర్‌కి ఇచ్చే ముందు

ఒరేయ్ శీనూ,

రిలీవింగ్ లెటర్ చేతికొచ్చిందన్నావు, సంతోషం. గుంటూరులో కూర్చుని సొంతంగా లెక్కలు చూసుకుంటానన్నావు, ఇంకా సంతోషం. కానీ ఆఫీసు లాప్‌టాప్ సోమవారం కొరియర్‌లో పంపేస్తానని, అందులో నువ్వు డబ్బు పెట్టి కొన్న లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీ, ఎమ్మెస్ ఆఫీస్, అడోబీ వాళ్ల పీడీఎఫ్ సాఫ్ట్‌వేర్ ఆక్రోబాట్ ఉన్నాయని ఒక్క ముక్కలో రాసి పడేశావు. "అన్నీ అన్‌ఇన్‌స్టాల్ చేసి ఇచ్చేస్తా, కొత్తదాంట్లో మళ్లీ వేసుకుంటా" అని పైగా. ఆ పని మాత్రం చెయ్యకు. అన్‌ఇన్‌స్టాల్ చేస్తే పోయేది ప్రోగ్రామే. టాలీ వాళ్ల సర్వర్ లెక్కలో నీ లైసెన్స్ ఇంకా ఆ పాత మెషీన్ మీదే ఉంటుంది.

ముందు బిల్లులు తీసి చూడు. ఎవరి పేరు మీద ఉన్నాయి? నువ్వు కార్డు గీకి, తర్వాత రీయింబర్స్‌మెంట్ పెట్టుకున్నావా? పెట్టుకుని ఉంటే అది కంపెనీది, దాని జోలికి పోకు. నీ పేరు, నీ డబ్బు అయితేనే మిగతా ఉత్తరం చదువు.

తర్వాత మెయిల్ ఐడీ. అసలు తిప్పలన్నీ ఇక్కడే పుడతాయి. చాలామంది కొనేటప్పుడు ఎదురుగా తెరిచి ఉంది కదా అని ఆఫీసు మెయిలే ఇచ్చేస్తారు. ఆ మెయిల్ మూతపడ్డాక పాస్‌వర్డ్ మార్చాలన్నా, ఓటీపీ రావాలన్నా దిక్కుండదు. నీ ఆఫీసు మెయిల్ ఇంకా తెరుచుకుంటోందంటే ఈ పూటే పని కానియ్. టాలీ పోర్టల్లోకి వెళ్లి అకౌంట్ అడ్మినిస్ట్రేటర్‌గా నీ జీమెయిల్ పెట్టు. మైక్రోసాఫ్ట్, అడోబీ ఖాతాల్లో కూడా అంతే. మార్చి వదిలెయ్యకు, జీమెయిల్‌తో ఒకసారి లాగిన్ అయి చూసుకో.

ఇంకో మాట. రిలీవ్ అయ్యాక ఆ మెషీన్ ఇంట్లో ఉన్నా వాళ్లదే. "నా సొంత లైసెన్సులు మూడున్నాయి, తీసేసుకుని ఇస్తాను" అని ఐటీ వాళ్లకి రెండు లైన్ల మెయిల్ పెట్టు, బిల్లులు జత చెయ్యి. అడ్మిన్ హక్కులు లేకపోతే ఎలాగూ వాళ్ల సాయం కావాలి. చెప్పకుండా పెన్‌డ్రైవ్ గుచ్చితే మాత్రం చాలా కంపెనీల్లో వెంటనే అలర్ట్ వెళ్తుంది.

ఇక టాలీ. నీది సిల్వర్, అంటే ఒక్క మెషీన్, ఒక్క మనిషి. సరెండర్ అంటే ఆ మెషీన్ మీంచి లైసెన్స్ విడిపించడం, అది నొక్కే ముందు రెండు చూసుకో. ఒకటి, ఎఫ్1 నొక్కి అబౌట్‌లోకి వెళ్తే రిలీజ్ (వెర్షన్) నంబరు, సీరియల్ నంబరు, టీఎస్ఎస్ (కొత్త రిలీజ్‌ల కోసం కట్టే చందా) ఎప్పటిదాకా ఉందో కనిపిస్తాయి. ఫోన్‌తో ఫోటో తీసుకో. టీఎస్ఎస్ అయిపోయి ఉంటే కొత్త మెషీన్లో తాజా రిలీజ్ వెయ్యకు, ఇప్పుడున్న రిలీజ్ సెటప్పే వెతికి వెయ్యి. గడువు తర్వాత వచ్చిన రిలీజ్‌కి నీ లైసెన్స్ చెల్లదు. చాలామంది వెబ్‌సైట్లో ముందు కనిపించింది దించుకుని, లైసెన్స్ పాడైందనుకుని కంగారు పడేది ఇందుకే.

రెండోది, ఇన్‌వాయిస్ ఫార్మాట్ కోసం కొనుక్కున్న టీడీఎల్, అంటే టాలీకి తగిలించే చిన్న ప్రోగ్రామ్. ఎఫ్1లోనే టీడీఎల్స్ అండ్ యాడ్‌ఆన్స్ తెరిస్తే ఆ ఫైలు ఏ ఫోల్డర్లో ఉందో దారి చూపిస్తుంది. కొనుక్కున్నవి చాలావరకు టీసీపీ ఫైళ్లుగా, సీరియల్ నంబరుకు కట్టేసి ఇస్తారు. సీరియల్ మారదు కాబట్టి కొత్త మెషీన్లో కూడా అదే ఫైలు పనిచెయ్యాలి. ఆ ఫైలొక్కటీ నీ మెయిల్‌కి పంపించమని ఐటీ వాళ్లనే అడుగు. డేటా ఫోల్డర్ని మాత్రం ముట్టుకోకు. అందులో ఉన్నవి కంపెనీ పుస్తకాలు. లైసెన్స్ నీదైనంత మాత్రాన లెక్కలు నీవి కావు.

ఇప్పుడు నెట్ ఉందో లేదో చూసుకుని ఎఫ్1, సెట్టింగ్స్, లైసెన్స్, సరెండర్. టాలీ డాట్ నెట్ ఐడీ (పోర్టల్లో పెట్టిన మెయిలే), పాస్‌వర్డ్ అడుగుతుంది. సరెండర్ అయిందన్న సందేశం రాగానే దాన్నీ ఫోటో తీసుకో. టాలీ మూసి మళ్లీ తెరువు. ఎడ్యుకేషనల్ మోడ్ (లైసెన్స్ లేనప్పుడు నేర్చుకోవడానికి ఇచ్చేది) అని కనిపించిందా, పని అయినట్టే. ఆ మోడ్‌లో నెలలో 1, 2, 31 తేదీల్లో తప్ప వోచర్ (లావాదేవీ ఎంట్రీ) పడదు, నీకు తెలిసిందే. అన్‌ఇన్‌స్టాల్ ఇదంతా అయ్యాకే.

కొత్త లాప్‌టాప్ ఇంకా కొనలేదని బెంగ పెట్టుకోకు, సరెండర్ చేసిన లైసెన్స్ ఎక్కడికీ పోదు. కొన్నాక టాలీ వేసి, మొదటి తెరలో రీయాక్టివేట్ ఎంచుకో. ఐడీ, పాస్‌వర్డ్ ఇస్తే మెయిల్‌కి అన్‌లాక్ కీ వస్తుంది (అందుకే ఆ మెయిల్ గోల అంత చెప్పింది), అది కొడితే చాలు. అక్కడ పొరపాటున కొత్త లైసెన్స్ యాక్టివేట్ అన్నదాంట్లోకి వెళ్లకు.

ఒకవేళ ఐటీ వాళ్లు ఈలోపే దూరం నుంచి మెషీన్ తుడిచేస్తే, సీరియల్ నంబరు, బిల్లు పట్టుకుని నీకు అమ్మిన టాలీ పార్టనర్‌నో (డీలర్‌నో), టాలీ సపోర్ట్‌నో అడగాలి. కుదరదని కాదు. ఐదు నిమిషాల పనికి ఫోన్ల చుట్టూ తిరగాలి, అంతే.

ఎమ్మెస్ ఆఫీస్ దగ్గర ముందు అది ఎవరిదో తేల్చుకో. వర్డ్ తెరిచి ఫైల్, అకౌంట్‌లోకి వెళ్తే ఏ మెయిల్‌కి చెందిందో రాసి ఉంటుంది. ఆఫీసు మెయిల్‌తో పాటు సబ్‌స్క్రిప్షన్ అని కూడా కనిపిస్తే అది కంపెనీది, వదిలెయ్. లాప్‌టాప్‌తో పాటే వచ్చిన ఆఫీస్ అయితే ఆ లాప్‌టాప్‌తోనే పోతుంది. నీది విడిగా కొన్న 2021 అన్నావు కాబట్టి మార్చుకోవచ్చు. 2013 వెర్షన్ వచ్చిన కొత్తలో విడిగా కొన్నది కూడా ఒక్క కంప్యూటర్‌కే అంకితం అన్నారు. జనం గోల పెడితే అదే ఏడాది మార్చిలో మనసు మార్చుకున్నారు. మామూలుగా 90 రోజులకోసారి మార్చుకోనిస్తారు, పాత మెషీన్లోంచి తీసెయ్యాలన్నది షరతు. ఇక్కడ సరెండర్ బటన్ లాంటిదేమీ లేదు. పాతదాంట్లో అన్‌ఇన్‌స్టాల్ చేసి, కొత్తదాంట్లో మైక్రోసాఫ్ట్ ఖాతాలోంచి దించుకోవడమే. ఇప్పటికే ఎక్కువసార్లు వాడేశారు అంటూ యాక్టివేషన్ మొరాయిస్తే ఇంకో కీ కొనకు, వాళ్ల సపోర్ట్‌తో మాట్లాడు.

ఆక్రోబాట్ పెద్ద విషయమే కాదు. ఒక ఖాతాతో రెండు మెషీన్లలో సైన్ ఇన్ అయి ఉండొచ్చు, మూడోదాంట్లోకి వెళ్లబోతే పాతదాంట్లోంచి సైన్ అవుట్ చెయ్యమంటావా అని అదే అడుగుతుంది. అంటే లాప్‌టాప్ చెయ్యి దాటిపోయినా ఇబ్బంది లేదు. అయినా హెల్ప్ మెనూలో సైన్ అవుట్ కొట్టెయ్. నీ పీడీఎఫ్‌లు వేరేవాళ్లు చూడటం దేనికి. ఒకే మెయిల్ మీద కంపెనీ ప్రొఫైల్, పర్సనల్ ప్రొఫైల్ రెండూ కనిపిస్తే పర్సనల్ ఎంచుకో, లేకపోతే కొన్నది కూడా కొననట్టే చూపిస్తుంది.

క్రోమ్‌లో సేవ్ చేసుకున్న క్లయింట్ల జీఎస్టీ, ఇన్‌కమ్ ట్యాక్స్ పాస్‌వర్డ్‌లు కూడా ఉండే ఉంటాయి. నీ సొంత క్లయింట్లవి మాత్రమే రాసుకుని, ప్రొఫైల్ మొత్తం తీసెయ్.

డబ్బాకి టేపు వేసే ముందు లాప్‌టాప్ రెండు పక్కలా యూఎస్‌బీ పోర్టులు చూడు. నీ డిజిటల్ సంతకం టోకెన్ అక్కడే గుచ్చి మర్చిపోయే అలవాటు నీకు ఉంది. ఆ సంతకం ఉండేది టోకెన్‌లోని చిప్పులోనే, దాన్ని ఇంకోదాంట్లోకి కాపీ చేసుకోవడం కుదరదు. అది వాళ్లకి చేరితే వెనక్కి తెప్పించుకోవాలి, లేదా డబ్బు కట్టి కొత్తది తీసుకోవాలి.

సరెండర్ అయ్యాక ఆ ఫోటో నాకూ పంపు.

నీ
రాంబాబు