పేస్ట్ డబ్బా, తుడిచే గుడ్డ, మా బరంపురం ఉక్కపోత

ఒరే మావా,

ఎలగున్నావు, పిన్నికి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి జాతరకి కలిశామా, మళ్ళీ ఇప్పటిదాకా నీ మొహం చూళ్ళేదు. మొన్న ఫోన్‌లో పర్లాకిమిడిలో చిన్న షెడ్డు తీసుకుని ఇన్వర్టర్ బోర్డులు సొంతంగా వేస్తానని, చేత్తో లాగే స్టెన్సిల్ ప్రింటర్ (చిల్లుల రేకు మీంచి సోల్డర్ పేస్ట్, అంటే టంకం ముద్ద, బోర్డు మీద అచ్చు వేసేది) కొంటున్నానని చెప్పావు కదా, చాలా సంతోషం వేసిందిరా. కానీ మిషను గురించి అన్నీ అడిగావు, తుడవడం గురించి ఒక్క ముక్క అడగలేదు. అదే నాకు భయం, అందుకే కూచుని రాస్తన్నాను.

పోయిన వర్షాకాలం మా షాపులో ఏటయిందంటే, ఒక కంట్రోల్ బోర్డు ఉంది, దాని మీద 0.5 మిల్లీమీటర్ల పిచ్ (ఒక కాలి నడిమి నుంచి పక్క కాలి నడిమికి దూరం) ఐసీ చిప్పు ఒకటి. అంటే కాలు అతికే ప్యాడ్ పావు మిల్లీమీటరు, పక్కదానికీ దీనికీ మధ్య ఖాళీ ఇంకో పావు, అంతే. పొద్దున్న మొదటి ఏడెనిమిది బోర్డులు బ్రహ్మాండంగా వచ్చేవి, ఆ తర్వాత నుంచి ఐసీ కాళ్ళ మధ్య షార్టులే షార్టులు. మేమందరం పేస్ట్ కరిగించే ఓవెన్ మీద పడ్డాం, లెడ్ లేని పేస్ట్ కదా, 217 డిగ్రీల దగ్గర కరగడం మొదలవుతుంది, వేడి ఎక్కువైందేమో అని ఒకరోజు, తక్కువైందేమో అని ఇంకోరోజు, ఇలగే వారం పోయింది. చివరికి కొత్తగా చేరిన అమ్మాయి ఓవెన్‌లోకి పోబోతున్న బోర్డుని భూతద్దం కింద పెట్టి "అన్నా, ఇది ఇక్కడే అంటుకుపోయి ఉంది, ఓవెన్ ఏం చేస్తుంది" అంది.

స్టెన్సిల్ తీసి తిరగేసి చూశాం. ఐసీ చిల్లుల చుట్టూ అడుగున బూడిదరంగు మరక, తడిగా మెరుస్తోంది, ఒక చిల్లులో బనీను గుడ్డ పోగు అడ్డంగా ఇరుక్కుని దాన్ని పట్టుకుని పేస్ట్ వేలాడుతోంది. బనీను వేస్టుని ఐపీఏలో (ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మంటంటుకునే స్పిరిట్) ముంచి, పిండకుండా రుద్దేవాళ్ళం మరి! ఆ ఐపీఏ ఆరక చిల్లుల్లో ఉండిపోయి తర్వాతి పేస్ట్‌లో ఫ్లక్స్‌ని (టంకం బాగా అతకడానికి కలిపే జిగట) పల్చన చేస్తుంది, పల్చబడిన పేస్ట్ స్టెన్సిల్ అడుక్కి పాకుతుంది, ఆ మరక వల్ల స్టెన్సిల్ మళ్ళీ బోర్డుకి ఆనుకుని కూచోదు, సందులోంచి ఇంకాస్త పాకుతుంది. బోర్డు బోర్డుకీ పెరుగుతూ పోతుందన్నమాట. తుడుస్తున్నాం కదా అనుకుంటూ మేమే పాడుచేశాం, ఆ వారంలో పోయిన ఐసీలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపు రగిలిపోద్ది.

ఇప్పుడు పోగులు రాని వైప్ తప్ప ఇంకోటి ముట్టుకోం. ఐపీఏతో కొంచెం చెమ్మ చేసి ఒకే దిక్కుకి ఒక్కసారి లాగుతాం, వెంటనే పొడి వైప్‌తో ఇంకోసారి, వాడిన ముఖంతో మళ్ళీ తుడవం. ఆ సన్న పిచ్ బోర్డుకైతే అయిదింటికోసారి, పెద్ద ప్యాడ్లయితే అంత తరచుగా అక్కర్లేదు. సాయంత్రం స్టెన్సిల్ మొత్తం కడిగి ట్యూబులైటుకి ఎదురుగా పట్టి చిల్లు చిల్లూ చూస్తాం, మూసుకున్నదాన్ని గుండుసూదితో మాత్రం పొడవొద్దురా, అంచు వంగితే ఇక ఆ రేకు పనికిరాదు. వేణ్ణీళ్ళు కూడా వద్దు, ఫ్రేముకి అంటించిన జిగురు వదిలేస్తుంది. మా తాత పట్టు మగ్గం దగ్గర చేతులు కడిగి తుడుచుకోకుండా పోగు ముట్టుకునేవాడు కాదు, ఆ అలవాటే కావాలి మనకి.

స్టెన్సిల్ రేకు మందం సంగతి, 0.15 మిల్లీమీటర్లది చవగ్గా దొరుకుతోందన్నావు, ఈ ఐసీకి వద్దు, 0.12 తీసుకో. చిల్లు నోరు వైశాల్యాన్ని దాని గోడల వైశాల్యంతో భాగిస్తే 0.66 కి తగ్గకూడదు, తగ్గితే ప్యాడ్ లాగే దానికన్నా గోడలు పట్టుకునేదే ఎక్కువై పేస్ట్ పైనే ఉండిపోతుంది. పావు మిల్లీమీటరు వెడల్పు, 1.2 పొడవు చిల్లుకి 0.12 రేకైతే 0.86 వస్తుంది, 0.15 అయితే 0.69 కి పడిపోతుంది, అంచు మీద నడిచినట్టే. పేస్ట్‌లో టంకం పౌడరు టైప్ 4 తీసుకో, గుళికలు 20 నుంచి 38 మైక్రాన్లు. స్క్వీజీ (పేస్ట్ లాగే పలక) స్టీలుది, 60 డిగ్రీల వాలు.

ప్రింటు తప్పిన బోర్డుని గుడ్డతో రుద్దేయకు, సన్న గుళికలు వయా రంధ్రాల్లోకి (బోర్డు పొరల్ని కలిపే సన్న చిల్లులు) దూరి తర్వాత ఎక్కడో షార్టవుతాయి. ముందు ప్లాస్టిక్ రేకుతో మెల్లగా ఎత్తెయ్, తర్వాత ఐపీఏ, మెత్తని బ్రష్షు, రెండు వైపులా భూతద్దంతో చూడు. పక్కన సోల్డరింగ్ ఐరన్ వేడిగా ఉండగా మాత్రం ఐపీఏ సీసా తెరవకు, ఇది ఒట్టు వేసి చెప్పు నాకు.

గోపాల్‌పూర్ సముద్రం గాలి మాకు, మీకేమో కొండ వాన, ఇద్దరికీ చెమ్మే శత్రువు. ఫ్రిజ్ లోంచి తీసిన డబ్బా వెంటనే తెరిస్తే చల్లటి చెంబుకి పట్టినట్టు పేస్ట్‌కి నీరు పట్టేస్తుంది, ఓవెన్‌లో చిటపటమని గుళికలు ఎగురుతాయి. మూత తియ్యకుండా నాలుగు గంటలు బయట ఉంచాలి. స్టెన్సిల్ మీద మిగిలింది తాజా డబ్బాలో కలపొద్దు.

డబ్బు కట్టే ముందు ఒక ఆదివారం రా. నీ బోర్డూ, ఉంటే స్టెన్సిలూ పట్రా. పొద్దున్నే బస్సెక్కగానే ఫోన్ చెయ్, అప్పుడే డబ్బా బయట పెట్టిస్తాను, నువ్వు దిగి ఇంట్లో భోంచేసి షాపుకొచ్చేసరికి తెరవడానికి రెడీగా ఉంటుంది.

నీ,
బరంపురం మావ