టెంప్లేట్ తీసేసే ముందు అది చేస్తున్న పనులు రాసుకోండి

సంపాదకులకు,

కాలేజీలు, సహకార సంఘాలు, చిన్న సంస్థలు పాత వెబ్‌సైటును తిరగరాయించుకునేటప్పుడు వర్క్ ఆర్డర్‌లో తరచూ ఒక షరతు పెడుతున్నాయి: ‘పేజీ మళ్లీ లోడవకూడదు, అంతా బ్రౌజర్‌లోనే నడవాలి’. ఇంతకాలం సర్వర్ టెంప్లేట్‌లో, అంటే ముందే రాసిపెట్టిన పేజీ అచ్చులో, సమాచారం నింపి, తయారైన పేజీని పంపేది. ఇకమీదట ఖాళీ పేజీనీ జావాస్క్రిప్ట్‌నూ పంపి, సమాచారాన్ని జేసన్ (ప్రోగ్రాములు చదువుకునే పాఠ్యరూపం) రూపంలో అందిస్తే, పేజీని వాడేవారి ఫోనే కట్టుకోవాలి. ఈ షరతు రాసేవారు, ఒప్పుకునేవారు ముందు ఒక పని చేయాలి. ఆ టెంప్లేట్ ఎవరూ అడగకుండానే చేసిపెడుతున్న పనులన్నీ కాగితం మీద పెట్టుకుని, రేపటి నుంచి అవి ఎవరి బాధ్యతో ఎదురుగా రాసుకోవాలి.

వాటిలో మొదటిది వడపోత. విద్యార్థి వివరాల పేజీలో పేరు, హాల్‌టికెట్ నంబరు, ఆధార్‌లో చివరి 4 అంకెలు కనిపిస్తున్నాయనుకుందాం. సర్వర్ డేటాబేస్ నుంచి మొత్తం రికార్డు తెచ్చినా టెంప్లేట్‌లో రాయనిది గడప దాటదు. అదే రికార్డును ఉన్నదున్నట్టు జేసన్‌గా మార్చి పంపితే తెర మీద మాత్రం పాత పేజీయే కనిపిస్తుంది. బ్రౌజర్‌లో డెవలపర్ టూల్స్ తెరిచి నెట్‌వర్క్ ట్యాబ్ చూస్తే ఆధార్ 12 అంకెలూ, తండ్రి ఫోన్ నంబరూ, ఇంటి చిరునామా బారుగా కనిపిస్తాయి. పరీక్షించేవారు తెరనే చూస్తారు కాబట్టి ఇది నెలల తరబడి బయటపడదు. ప్రతి ఏపీఐ (బ్రౌజర్ అడిగితే సర్వర్ జేసన్ అందించే దారి) ఏయే ఫీల్డులు పంపాలో పేరుపేరునా రాయాలి. రికార్డును జేసన్‌గా మార్చే కోడ్‌లో (సీరియలైజర్‌లో) ‘అన్నీ’ అనే మాట ఉండకూడదు. అంకెలు కోసే పని సర్వర్ దగ్గరే జరగాలి. ‘సవరించు’ బటన్‌ను బ్రౌజర్‌లో దాచడం అనుమతిని ఆపినట్టు కాదు, ఆ ఏపీఐని నేరుగా పిలిచినా సర్వర్ కాదనాలి.

రెండోది లాగిన్. జాంగోనే ఉదాహరణగా తీసుకుందాం. అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం, లారెన్స్ పట్టణంలో ఒక దినపత్రిక వెబ్ విభాగంలో పుట్టి 2005లో అందరికీ విడుదలైన, పైథాన్‌లో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్ ఇది. దాని టెంప్లేట్‌లో ఫారం రాసేటప్పుడు సీఎస్‌ఆర్‌ఎఫ్ ట్యాగ్ ఒక్కటి పెడితే, నకిలీ సైటు నుంచి వచ్చే ఫారాలను అది అడ్డుకుంటుంది. ఫారం మన సైటుదేనని రుజువు చేసే టోకెన్ (గుర్తింపు సంకేతం) ఉన్న కుకీ బ్రౌజర్‌కు చేరేది కూడా ఆ ట్యాగ్ వల్లే. ఫారం జావాస్క్రిప్ట్‌లోకి వెళ్లాక ట్యాగూ ఉండదు, కుకీ కూడా రాదు. ప్రతి సేవ్‌కూ 403 (‘అనుమతి లేదు’ అనే జవాబు) వస్తుంది. అప్పుడు కొందరు విసిగి ఆ రక్షణనే తీసేస్తారు. దయచేసి తీయకండి. కుకీని తప్పకుండా పంపించే డెకొరేటర్ (ఫంక్షన్‌కు పైన తగిలించే తొడుగు) జాంగోలోనే ఉంది. యాప్ మొట్టమొదట పిలిచే వ్యూకి (రిక్వెస్టుకు జవాబిచ్చే ఫంక్షన్‌కు) దాన్ని తగిలించి, కుకీలోని టోకెన్‌ను ప్రతి పోస్ట్ రిక్వెస్టు హెడర్‌లో పంపితే సరిపోతుంది. యాప్‌నూ ఏపీఐనీ ఒకే డొమైన్‌లో ఉంచితే పాత సెషన్ కుకీయే పనిచేస్తుంది. లాగిన్ టోకెన్‌ను బ్రౌజర్‌లోని లోకల్ స్టోరేజీలో దాచే అవసరమే రాదు. అక్కడ దాస్తే పేజీలోకి చొరబడిన ఏ స్క్రిప్టయినా దాన్ని చదివేస్తుంది.

సెషన్ గడువు తీరినప్పుడు ఇంకో చిక్కు ఉంది. పాత పద్ధతిలో సర్వర్ 302తో (దారిమళ్లింపు జవాబుతో) లాగిన్ పేజీకి పంపేది, మనిషికి లాగిన్ పేజీ కనిపించేది. ఏపీఐ పిలుపులో బ్రౌజర్ ఆ 302ను తనంతట తానే అనుసరించి, లాగిన్ పేజీ హెచ్‌టీఎంఎల్‌ను 200తో (‘అంతా సరే’ అనే జవాబుతో) తెచ్చి జావాస్క్రిప్ట్ చేతికిస్తుంది. జేసన్ వస్తుందనుకున్న కోడ్‌కు మొదటి అక్షరంగా ‘<’ ఎదురై అక్కడే ఆగిపోతుంది. గుమాస్తాకు కనిపించేది తిరుగుతూనే ఉండే చక్రం. గంటసేపు నింపిన ఫారం పోతుంది. ఏపీఐ దారుల్లో దారిమళ్లింపు ఆపేసి 401 (‘లాగిన్ కావాలి’ అనే జవాబు) ఇవ్వాలి. అది రాగానే నింపినదాన్ని తెర మీద అలాగే ఉంచి, పైన లాగిన్ పెట్టె తెరవాలి.

వేగం కోసమే ఇదంతా అనేవారు ట్విట్టర్ అనుభవం గుర్తుచేసుకోవాలి. 2010లో ఆ సైటు పేజీ కట్టే పనిని బ్రౌజర్‌కు అప్పగించింది. చిరునామాల్లో హ్యాష్ గుర్తు, ఆశ్చర్యార్థకం వచ్చి చేరాయి. హ్యాష్ తర్వాతి భాగం సర్వర్‌కు చేరదు. కాబట్టి ఎవరి పేజీ కావాలో తెలియాలంటే ముందు జావాస్క్రిప్ట్ దిగాలి, నడవాలి, చిరునామా చదవాలి, ఆ తర్వాతే సమాచారం అడగాలి. 2012 మేలో మొదటి పేజీ తయారీని మళ్లీ సర్వర్‌కే తెచ్చారు. మొదటి లోడింగ్ సమయం అయిదో వంతుకు తగ్గిందని వాళ్ల ఇంజినీర్లే ప్రకటించారు. హ్యాష్ గొడవ ఈనాటి రౌటర్లలో (చిరునామాను బట్టి పేజీ చూపించే జావాస్క్రిప్ట్ లైబ్రరీలలో) లేదు గానీ ఆ వరుస మాత్రం అలాగే ఉంది. సర్వర్‌కు వెళ్లిరావడానికి 200 మిల్లీసెకన్లు పట్టే నెట్‌వర్క్‌లో ఖాళీ పేజీకి ఒకసారి, స్క్రిప్టుకు ఒకసారి, జేసన్‌కు ఒకసారి అంటే ఎదురుచూపులకే 600 పోయాయి. తక్కువ ధర ఫోనులో స్క్రిప్టును విప్పి నడిపే సమయం దీనికి అదనం.

అందుకే ఫలితాలు, హాల్‌టికెట్లు, నోటిఫికేషన్లు, ఫీజు రసీదుల పేజీలు టెంప్లేట్‌లోనే ఉండాలని గట్టిగా చెబుతున్నాం. జనం ఒక్కసారి వచ్చి, చూసి, ప్రింటు తీసుకుని వెళ్లే పేజీలివి. మార్కుల నమోదు, టైంటేబుల్ సర్దుబాటు, స్టాకు లెక్కల్లాంటి, ఒకే మనిషి రోజంతా కూర్చుని పనిచేసే పేజీలకు బ్రౌజర్ పద్ధతి నిజంగా మేలు చేస్తుంది.

మార్చదలిస్తే ఒక్కో పేజీ చొప్పున మార్చాలి. టెంప్లేట్‌కు అందించే సమాచారాన్ని వ్యూలోంచి తీసి ముందు వేరే ఫంక్షన్‌లో పెట్టండి. పాత టెంప్లేటూ కొత్త ఏపీఐ రెండూ దాన్నే పిలవాలి. అప్పుడు రెండు పేజీల్లోనూ ఒకే లెక్క వస్తుంది, తేడా వస్తే ఎక్కడో వెంటనే దొరుకుతుంది. పేజీ మొదటి సమాచారాన్ని ఏపీఐ కోసం ఎదురుచూడకుండా పేజీలోనే జేసన్‌గా పొదిగి పంపవచ్చు. అలా పొదిగేటప్పుడు ‘<’ గుర్తును సంకేతంగా మార్చి రాయకపోతే, ఎవరో పేరు గడిలో రాసిన స్క్రిప్టు ముగింపు ట్యాగు మన పేజీని తెంపేస్తుంది. జాంగోలో దీనికోసమే ప్రత్యేక ఫిల్టర్ ఉంది. చేత్తో రాయవద్దు.

తెలుగు సైట్లకు ప్రత్యేకమైనవి రెండున్నాయి. పైథాన్ జేసన్ లైబ్రరీ మామూలుగా ఆంగ్లేతర అక్షరాలను సంకేతాలుగా మారుస్తుంది. ‘తెలుగు’ అనే మాటలో గుణింతపు గుర్తులతో కలిపి 6 కోడ్‌పాయింట్లు (యూనికోడ్ గుర్తులు). మామూలు యూటీఎఫ్-8 రూపంలో అది 18 బైట్లు, సంకేతాలుగా మారితే 36. అలా ఆస్కీగా (ఆంగ్ల అక్షరాలే ఉండే కోడ్‌గా) మార్చే ఆ సెట్టింగు ఆపేయండి. కుదింపు ఉంటే తేడా తగ్గుతుంది గానీ, చాలా సర్వర్లలో జేసన్‌కు జీజిప్ కుదింపు పెట్టడం మరచిపోతారు. రెండోది తేదీ. ‘2025-06-12’ అని జేసన్‌లో పంపితే జావాస్క్రిప్ట్ తేదీ ఆబ్జెక్టు దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రిగా తీసుకుంటుంది. హైదరాబాద్‌లో అది 12వ తేదీ ఉదయం 5.30 కాబట్టి సరిగ్గానే కనిపిస్తుంది. డాలస్‌లో ఉన్న అన్నయ్య తమ్ముడి కౌన్సెలింగ్ తేదీ చూస్తే 11 అని కనిపిస్తుంది. ఇక్కడ ఎన్నిసార్లు పరీక్షించినా ఈ తప్పు దొరకదు. రోజు మాత్రమే కావాల్సినచోట తేదీ ఆబ్జెక్టుగా మార్చకుండా ఆ అంకెలనే విడదీసి చూపించాలి.

చివరిగా డిప్లాయ్‌మెంట్, అంటే యాప్‌ను సర్వర్ మీద పెట్టడం. తెలియని ప్రతి దారికీ ఇండెక్స్ పేజీ (యాప్‌ను మొదలుపెట్టే ఆ ఖాళీ పేజీ) ఇవ్వమని సర్వర్‌లో ఒక నియమం పెడతారు. అది లేకపోతే లోపలి పేజీలో రిఫ్రెష్ కొట్టగానే 404 (‘దొరకలేదు’ అనే జవాబు) వస్తుంది. కానీ ఆ నియమం స్క్రిప్టు ఫైళ్ల ఫోల్డరుకు వర్తించకూడదు. కొత్త బిల్డ్ (యాప్ తయారైన ఫైళ్లు) పెట్టి పాత ఫైళ్లు తీసేశాక, ఉదయం నుంచి తెరిచి ఉంచిన ట్యాబ్ పాత స్క్రిప్టును అడుగుతుంది. దాని స్థానంలో ఇండెక్స్ పేజీ వెళితే మళ్లీ అదే ‘<’, ఈసారి తెల్లటి తెర. ఫైలు లేకపోతే 404 ఇవ్వండి, పాత బిల్డ్ ఫైళ్లను కనీసం వారం ఉంచండి. లోపలి కోడ్ మారితే పేరూ మారేలా పేరులో హ్యాష్ సంకేతం ఉన్న ఫైళ్లను బ్రౌజర్ ఏడాదిపాటు దాచుకునేలా (క్యాష్) పెట్టవచ్చు. ఇండెక్స్ పేజీని మాత్రం ప్రతిసారీ సర్వర్‌ను అడిగేలా ఉంచాలి.

వర్క్ ఆర్డర్ రాసే అధికారులను అడిగేది ఇది: ‘అంతా బ్రౌజర్‌లోనే’ అన్న వాక్యం కొట్టేసి, ఆ స్థానంలో ఏ పేజీలు మారాలో, ఏవి మారకూడదో పేర్లు రాయండి. ప్రతి ఏపీఐ పంపే ఫీల్డుల జాబితాను బిల్లు చెల్లింపునకు ముందే తీసుకోండి. పాత యూఆర్‌ఎల్ ప్రతి ఒక్కటీ పనిచేయాలని షరతు పెట్టండి. నోటీసు బోర్డుల మీద, ముద్రించిన కరపత్రాల మీద ఉన్న చిరునామాలవే.

ఇట్లు,
వెబ్ అప్లికేషన్ల నిర్వహణ బృందం,
విజయవాడ