మన తల్లిదండ్రుల సంఘం వార్షిక నివేదిక, 2024–25

గౌరవ అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు, పిల్లలను ఎవరో ఒకరికి అప్పగించి వీలు చేసుకుని వచ్చిన అమ్మానాన్నలకు నమస్కారం. ప్రత్యేక అవసరాలున్న మన పిల్లల కోసం పెట్టుకున్న ఈ సంఘం ఉద్దేశాలు మీ అందరికీ తెలిసినవే కాబట్టి నేరుగా ఏడాది పనిలోకి వస్తాను.

జూన్‌లో బడిబాట జరిగినప్పుడు మన సభ్యులు కూడా టీచర్లతో కలిసి ఇళ్లకు వెళ్లారు. బడి ఈడు వచ్చినా ఇంట్లోనే ఉన్న పిల్లలు మళ్లీ కనిపించారు. వాళ్లను చేర్చుకోమంటే కొన్ని బడుల్లో "మా దగ్గర కష్టం, భవిత కేంద్రంలో వేయండి" అన్న మాట ఈసారీ వినాల్సి వచ్చింది. భవిత కేంద్రం ఉన్నది థెరపీకి, అదనపు బోధనకు. బడికి బదులుగా కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ప్రకారం 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గర్లోని బడిలో గానీ, తాము కోరుకున్న ప్రత్యేక పాఠశాలలో గానీ ఉచితంగా చదువుకునే హక్కుంది. ఆ సెక్షన్ తెలుగు కాపీ జిరాక్స్ తీయించి ప్రతి హెడ్మాస్టర్‌కూ ఇచ్చాం. చాలామంది చదివి, వాదన లేకుండా చేర్చుకున్నారు. వారందరికీ సంఘం తరఫున కృతజ్ఞతలు.

ఇక వైకల్యం ఎంత శాతమో ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ల సంగతి. మీసేవలో స్లాట్ దొరకడం, కూలి పోగొట్టుకుని క్యాంపుకు వెళ్లడం, డాక్టర్ రాలేదని తిరిగి రావడం మీకు నేను చెప్పనవసరం లేదు. ఫారాలు నింపడానికి సాయం చేసిన డిగ్రీ విద్యార్థులకు ధన్యవాదాలు. ఒక్క విషయం మాత్రం అందరూ గుర్తుపెట్టుకోవాలి. చదవడం, రాయడంలో ఇబ్బంది ఉన్న పిల్లలకు, అంటే డిస్లెక్సియా లాంటివాటికి, బడిలో స్క్రీనింగ్ మూడో తరగతిలో లేదా ఎనిమిదేళ్ల వయసులో చేయాలని 2018 మార్గదర్శకాలు చెప్పాయి. అలాగని ఒకటి, రెండు తరగతుల్లో వాళ్లను వదిలేయమని కాదు. పిల్లాడి పక్కన కూర్చుని సాయం చేయడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు.

ఇక ఈ ఏడాది మనందరం గర్వపడాల్సిన కార్యక్రమం, నవంబర్‌లో మండలంలోని ప్రాథమిక పాఠశాలల టీచర్లకు పెట్టిన ఒక రోజు శిక్షణ. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఉన్న, మేధో వైకల్యం ఉన్నవారి కోసం పనిచేసే జాతీయ సంస్థ ఎన్ఐఈపీఐడీలో చదువుకున్న ఒక ప్రత్యేక ఉపాధ్యాయురాలు పారితోషికం తీసుకోకుండా వచ్చారు. ఉపన్యాసాలు వద్దని ముందే అనుకున్నాం. చదవడంలో ఇబ్బంది ఉన్న పిల్లల అవస్థ టీచర్లకు తెలియాలని రెండో తరగతి వాచకంలోని ఒక పేరా తీసుకుని, ప ఉన్నచోట వ, మ ఉన్నచోట య పెట్టి, థ, ధలు తారుమారు చేసి, వత్తులను పక్క అక్షరం కిందికి జరిపి ప్రింట్ తీయించాం. ఒక్కొక్క టీచర్ లేచి గట్టిగా చదవాలి. మిగతావాళ్లు బల్ల మీద కొడుతూ "తొందరగా, తొందరగా" అనాలి. రిటైర్‌మెంట్‌కు దగ్గరపడిన ఒక సారు రెండో లైను దగ్గర ఆగిపోయి, కాగితం కింద పెట్టి, "మా క్లాసులో ఒక పిల్లాడు అచ్చం ఇక్కడే ఆగిపోతాడమ్మా" అన్నారు. ఆ తర్వాత హాల్లో ఎవరూ ఫోన్ చూసుకోలేదు.

మధ్యాహ్నం నుంచి చేతిపనులు. అట్టముక్కకు సన్నగా కిటికీ కోసి పుస్తకం మీద పెడితే ఒక్క లైనే కనిపిస్తుంది, చూపు చెదరదు. గుణింతం మొత్తం ఒకేసారి కాకుండా ఒక్క గుర్తు పట్టుకుని పళ్లెంలో ఇసుక మీద దిద్దించడం, బోర్డు మీద చూసి రాయలేని పిల్లకు అదే పాఠం చీటీ మీద రాసి పక్కన పెట్టడం, రాయలేకపోతే జవాబు నోటితో చెప్పించుకోవడం అందరూ చేసి చూశారు. ఆటిజం ఉన్న పిల్లల కోసం ప్రేయర్, తెలుగు, లెక్కలు, అన్నం, ఆటలు, ఇల్లు అని వరుసగా బొమ్మల చార్టు కూడా తయారుచేశారు.

ఇందులో ఎంత నిలిచిందని మీరు అడగవచ్చు. ఒకటి చెబుతాను. మన సభ్యురాలి కొడుకు ఒకటో తరగతి. బడి గంట, అదే చెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క, మోగితే చాలు, చెవులు మూసుకుని బల్ల కిందికి దూరేవాడు. శిక్షణకు వచ్చిన వాళ్ల టీచరమ్మ మొదట గంటకు కాస్త ముందే వాడిని బయటికి తీసుకెళ్లి నిలబెట్టారు. కొన్నాళ్లకు ఇనుప కమ్మి వాడి చేతికే ఇచ్చారు. చప్పుడు ఎప్పుడు వస్తుందో తన చేతిలో ఉంది కాబట్టి వాడికి భయం పోయింది. ఇప్పుడు ఇంటి గంట వాడే కొడుతున్నాడు. ఆ టీచరమ్మకు ఈ సభలో శాలువా కప్పుతున్నాం. అందరూ చప్పట్లతో అభినందించాలని మనవి.

డిసెంబర్‌లో సమగ్ర శిక్ష కాంట్రాక్టు ఉద్యోగులు రెగ్యులరైజేషన్ కోసం సమ్మె చేశారు. మన పిల్లలకు బోధించే ప్రత్యేక ఉపాధ్యాయులు, అంటే ఐఈఆర్పీలు కూడా అందులో ఉన్నారు. చాలీచాలని జీతంతో బడులు, ఇళ్లు తిరిగే వాళ్ల కోరిక న్యాయమైనదే, సంఘం మద్దతు తెలిపింది. ఆ రోజుల్లో కొందరు తల్లులు వంతులవారీగా ఒకరింట్లో పిల్లలను కూర్చోబెట్టి వ్యాయామాలు, అక్షరాలు ఆపకుండా చేయించారు. పేర్లు చదవవద్దన్నారు కాబట్టి చదవడం లేదు. వాళ్లకు పాదాభివందనం.

అధికారుల దగ్గర మాత్రం పని కదలలేదు. ప్రాథమిక స్థాయిలో ప్రత్యేక అవసరాలున్న ప్రతి 10 మంది పిల్లలకు ఒక ప్రత్యేక ఉపాధ్యాయుడు ఉండాలని 2021 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. తెలంగాణ 2024 డీఎస్సీ నోటిఫికేషన్‌లో 11,062 పోస్టులు ఉంటే ప్రత్యేక విద్యకు 796 ఎస్జీటీ, 220 స్కూల్ అసిస్టెంట్ పోస్టులు చూపించారు. మన మండలానికి ఒక్కరినైనా ఇవ్వమని వినతిపత్రాలు ఇచ్చాం. "పరిశీలనలో ఉంది" అనే జవాబే వచ్చింది. మాట్లాడతామని పిలిచిన సమావేశాన్ని అందరం బయలుదేరాక వాయిదా వేశారు. వీల్‌చైర్ పిల్లలను ఆటోలో ఎక్కించుకుని వచ్చిన వాళ్ల బాధ ఆ అధికారులకు తెలియాలి.

మనవాళ్ల గురించి కూడా చెప్పాలి. వాట్సాప్ గ్రూపులో పిలుపు ఇస్తే బొటనవేళ్లు బోలెడు వస్తాయి. శిక్షణ రోజు కుర్చీలు వేయడానికి, అన్నం వడ్డించడానికి మాత్రం ఎప్పుడూ వచ్చే ఆ కొద్దిమంది అమ్మలే. నాన్నలు ఎక్కడ? పని ఉంటుంది, నిజమే. పని అమ్మలకు లేదా? పిల్లాడి బడికి ఏడాదిలో ఒక్కసారి కూడా వెళ్లని నాన్నలు మనలో ఉన్నారు. టీచర్ మాట వినాల్సింది అమ్మ ఒక్కతే కాదు.

జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంచిన పత్రంలో ఉన్నాయి, ఆడిట్ అయింది. ఆటో ఖర్చులే ఎక్కువ. సభ్యత్వ రుసుము బాకీ ఉన్నవారు ఈ రోజే కట్టండి.

హాలు ఇచ్చిన హెడ్మాస్టర్ గారికి, భోజనాలు పెట్టిన కిరాణా వర్తకులకు, ఉచితంగా ప్రింట్లు తీసిన జిరాక్స్ షాపు తమ్ముడికి, ఫిజియోథెరపిస్ట్ గారికి, ఆశా కార్యకర్తలకు, అంగన్‌వాడీ టీచర్లకు, మధ్యాహ్న భోజనం వండే అక్కలకు, ప్రతి పనిలో వెంట ఉన్న అధ్యక్షులకు ధన్యవాదాలు.

వచ్చే ఏడాదికి కార్యవర్గం మూడు పనులు ప్రతిపాదిస్తోంది. మొదటిది, టీచర్ల శిక్షణ జూలైలోనే పెట్టడం. ఏడాది సగం గడిచాక నేర్పితే ఆ తరగతికి ఉపయోగం తక్కువ. రెండోది, అర్హులైన పిల్లలందరికీ కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా, లక్ష రూపాయల వరకు వర్తించేది, చేయించడం. మూడోది, బడికి ఒక తండ్రి చొప్పున బాధ్యుడిని పెట్టడం. కాగితం బల్ల మీద ఉంది, భోజనానికి లేచేలోపు పేర్లు రాయాలి. ఈ నివేదికను ఆమోదించవలసిందిగా సభను కోరుతున్నాను.

కార్యదర్శి