క్యాను వెనుక పోయే నీళ్లు: మా ఖాతాదారులకు ఈ వేసవి సంగతులు

హైదరాబాదులోని నిజాంపేట, బాచుపల్లి వీధుల్లో మా తాగునీటి ప్లాంటు నుంచి 20 లీటర్ల క్యాన్లు తెప్పించుకుంటున్న ఖాతాదారులందరికీ నమస్కారం. గత వారం రెండు రోజులు క్యాన్లు రాలేదని, ఫోన్ చేసినా ఎవరూ ఎత్తలేదని మీలో చాలామంది కోపగించుకున్నారు. ఆ కోపం న్యాయమైనదే. బోరులోంచి నీళ్లకు బదులు గాలి వస్తుంటే మీకేమి చెప్పాలో తోచక నేనే ఫోన్ పక్కన పెట్టాను. అలా చేయకుండా ఉండాల్సింది.

మన ప్రాంతమంతా గ్రానైటు రాయి మీద ఉంది. ఆ రాతి పగుళ్లలోకి ఇంకిన వాననీరే బోర్లలోకి చేరుతుంది కనుక, ఎవరైనా పక్కన మరింత లోతుకు వేస్తే మొదటివారి బోరు ఎండిపోవడం ఇక్కడ కొత్త సంగతి కాదు. మా బోరు 900 అడుగులు. ఇప్పుడు 40 నిమిషాలు నడిపితే మళ్లీ నీరు ఊరడానికి రెండు గంటలు ఆగవలసి వస్తోంది. ఇంకో 300 అడుగులు దింపమని అందరూ చెప్పారు గానీ, వెనుక వీధివాళ్ల నీళ్లు లాగి వాళ్లకే అమ్మడం నాకు మనస్కరించలేదు. తక్కువ పడిన నీటిని ట్యాంకర్లలో కొంటున్నాము. అందువల్ల వానలు పడేవరకు క్యాను ధర 20 రూపాయల నుంచి 25 రూపాయలకు పెంచుతున్నాము. ఇంటికి రోజుకు ఒక్క క్యాను మాత్రమే ఇవ్వగలము. పసిపిల్లలు, మంచం పట్టిన పెద్దలు ఉన్న ఇళ్లవారు ముందుగా చెబితే రెండోది పంపుతాము.

ధర పెంచుతున్నప్పుడు ఇన్నాళ్లూ చెప్పని సంగతి ఒకటి చెప్పడం నా బాధ్యత. నీటిని సన్నని పొరగుండా నెట్టి ఉప్పును వేరుచేసే మా ఆర్‌ఓ యంత్రంలోకి 100 లీటర్ల బోరు నీళ్లు ఎక్కిస్తే క్యాన్లలోకి వచ్చేది 50 లీటర్లే. ఉప్పంతా మోసుకొని తక్కిన 50 లీటర్లు బయటికి పోతాయి. అంటే మీ గుమ్మం ముందు దిగిన ప్రతి క్యాను వెనుక ఇంకొక క్యానుడు నీళ్లు మోరీలో కలుస్తూ వచ్చాయి. రోజుకు 300 క్యాన్ల లెక్కన అది 6,000 లీటర్లు. ఆరేళ్లుగా ఇదే జరిగింది, నేను చూస్తూనే ఉన్నాను. ఈ ఏప్రిల్‌లో ఆ నీటికి వేరే ట్యాంకు పెట్టించి, ప్లాంటు నేల, ట్రాలీ ఆటోలు కడగడానికి వాడుతున్నాము. మిగిలినది పక్క అపార్టుమెంటువాళ్లు ఫ్లష్ ట్యాంకులకు పైపు వేసి తీసుకుంటున్నారు.

ఇంట్లో పెట్టుకునే ఆర్‌ఓ యంత్రాలు ఈ విషయంలో మాకన్నా ఎక్కువే పారబోస్తాయి. చాలా యంత్రాల్లో ఒక లీటరు మంచినీటికి మూడు లీటర్ల దాకా బయటికి పోతుంది. నలుగురున్న ఇంట్లో తాగడానికి, వంటకు 15 లీటర్లు పట్టారనుకుంటే 45 లీటర్లు సింకు కిందికి జారిపోయినట్టే. యంత్రం నుంచి సింకులోకి ఆ నీళ్లు మోసే సన్నని పైపును తీసి ఒక బకెట్‌లో పెట్టండి. ఇల్లు తుడవడానికి, బాత్రూం కడగడానికి, అంట్లను మొదటిసారి జాడించడానికి ఆ నీళ్లు బాగా పనికివస్తాయి. మొక్కలకు మాత్రం రోజూ పోయవద్దు: బోరు నీటిలో లీటరుకు 900 మిల్లీగ్రాముల లవణాలు ఉంటే, ఈ నీటిలో 1,200 వరకు ఉంటాయి, కుండీ మట్టిలో ఆ ఉప్పు పేరుకొని మెల్లగా ఆకుల అంచులు మాడవచ్చు. కూలర్లో పోస్తే ప్యాడ్ల మీద తెల్లని పొర కడుతుంది.

అసలు మీకు ఆర్‌ఓ గానీ, మా క్యాను గానీ అవసరమా అన్నది ఇంకా ముందు అడగవలసిన ప్రశ్న. తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపు ఉండడం మంచిదని భారతీయ ప్రమాణాల సంస్థ చెబుతోంది. అంతకన్నా తక్కువ ఉన్నచోట ఆర్‌ఓ వాడకాన్ని నిషేధించాలని, వాడేచోట కూడా ఎక్కించిన నీటిలో 60 శాతానికి మించి మంచినీరుగా రాబట్టాలని 2019లో పర్యావరణ కేసులు చూసే జాతీయ హరిత ట్రైబ్యునల్ ఆదేశించింది. ఆ లెక్కకు మా ప్లాంటు కూడా ఇంకా చేరలేదు. నగరానికి నల్లా నీళ్లిచ్చే జలమండలి సరఫరా చేసే గోదావరి, కృష్ణా నీళ్లను నేను లవణాలు కొలిచే మీటరు పెట్టి చూసిన ఇళ్లలో అంకె 300 దాటలేదు. అలాంటి నీటిని కాచి వడగట్టుకుంటే సరిపోతుంది. అయితే సంపులో బోరు నీళ్లు, ట్యాంకరు నీళ్లు కలిసిపోతాయి కనుక, నల్లా వచ్చే వేళ నేరుగా కుళాయి దగ్గరే పట్టి చూడాలి. క్యాన్లు వేసే అబ్బాయి దగ్గర మీటరు ఉంది; అడిగితే ఉచితంగా చూపిస్తాడు. ఇలా చూసుకొని ఇప్పటికి 11 ఇళ్లవారు క్యాన్లు మానేశారు. ఈ లెక్క చూసి మా ఇంట్లో నా వ్యాపార దక్షత మీద పెద్ద చర్చే జరిగింది.

క్యాను తప్పదనుకున్నవారు ఆ నీటిని తాగడానికి, వంటకు మాత్రమే ఉంచుకోవాలని మనవి. మధ్యాహ్నం వేళ కూలర్లోకి క్యాను వంపడం క్యాన్లు వేసే మా కుర్రాళ్లు రెండు మూడు ఇళ్లలో చూశారు. కూలరుకు సంపు నీళ్లు చాలు; ప్యాడ్లను నెలకోసారి కడిగితే సరి. క్యాను నీటితో బియ్యం కడిగిన నీళ్లలో ఉప్పు తక్కువ కనుక, మొక్కలకు పోయవలసినవి అవే.

మిగతా జాగ్రత్తలు మీకు తెలియనివి కావు గానీ, ఒక్క ఓవర్‌హెడ్ ట్యాంకు గురించి మాత్రం గట్టిగా చెప్పాలి. ఇళ్లలో మోటార్లు నిమిషానికి 30 లీటర్లు ఎక్కిస్తాయనుకున్నా, ట్యాంకు నిండినా మోటారు ఆపకుండా సీరియల్ ముందు కూర్చున్న పది నిమిషాల్లో 300 లీటర్లు, అంటే 15 క్యాన్ల నీళ్లు, గోడ వెంట కారిపోతాయి. వాకిలికి చెంబుడు నీళ్లతో కళ్లాపి చాలినచోట పైపు పెట్టి రోడ్డంతా తడపడం కూడా దీనికి తోడవుతోంది.

జూన్‌లో వానలు మొదలయ్యేలోపు మా షెడ్డు పైకప్పు నీటిని బోరు పక్కనున్న ఇంకుడు గుంతలోకి మళ్లిస్తున్నాము. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు; హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది కనుక, 100 చదరపు మీటర్ల కప్పు మీద 80,000 లీటర్లు పడతాయి. అంతా భూమిలోకి దిగదు, సగం దిగినా మేలే. గుంత తవ్వే మేస్త్రి వచ్చే ఆదివారం ప్లాంటు దగ్గరే ఉంటాడు. మీ ఇంటి కొలతలు తెస్తే ఖర్చు లెక్క వేసి చెబుతాడు.

ఈ సోమవారం నుంచి క్యాన్లు ఉదయం ఆరు నుంచి పది గంటల మధ్య వస్తాయి. ఖాళీ క్యాన్లు ముందు రోజు రాత్రే గుమ్మం దగ్గర పెట్టండి. ఏ రోజైనా రాకపోతే ఫోన్ చేయండి. ఈసారి నేనే ఎత్తుతాను.