డిక్కీలోని విత్తనాల పెట్టెలు

హనుమకొండ

చిరంజీవి చిన్నికి నాన్న ఆశీస్సులు.

మొన్న ఆదివారం నువ్వు వచ్చినప్పుడు కూరగాయల సంచి పెడదామని నువ్వు నడిపే మన కారు డిక్కీ తెరిస్తే, నిండా మిరప విత్తనాల అట్టపెట్టెలు, వాటిపైన రబ్బరు బ్యాండు చుట్టిన డెలివరీ చలాన్లు కనిపించాయి. అప్పుడేమీ అనలేదు కానీ, ఏండ్ల తరబడి బీమా ఆఫీసులో మోటారు క్లెయిముల ఫైళ్లు చూసినవాడిని కనుక ఆ రాత్రి కారు బీమా పాలసీ తీసి మళ్లీ చదివాను.

మీ విత్తనాల కంపెనీ పని మీద సొంత కారు నడపడం తప్పు కాదు. కిరాయికి తిప్పడం, పందేలు, మోటారు వ్యాపారం, శాంపిళ్లూ సొంత సామానూ కాని సరుకు రవాణా వంటివి తప్ప ఏ పనికైనా వాడుకోవచ్చని మన ప్రైవేటు కారు ప్యాకేజీ పాలసీలోనే ఉంది. కాబట్టి పరకాల, నర్సంపేట, ములుగు తిరిగి పొలాలు చూసి రావడానికి, డీలర్లకు నాలుగు శాంపిల్ ప్యాకెట్లు చూపడానికి అడ్డు లేదు. కిలోమీటరు లెక్కన మీవాళ్లిచ్చే పెట్రోలు డబ్బు కూడా నా దృష్టిలో కిరాయి కాదు. చలాను రాసి దించే పెట్టెలు మాత్రం శాంపిళ్లు కావు, సరుకే. వాటిని ఆర్టీసీ కార్గోలోనో, ట్రాన్స్‌పోర్టులోనో పంపుకోవడం కంపెనీ పని.

అలా సరుకుతో పోతున్నప్పుడు ప్రమాదం జరిగి, బండి రిపేరు డబ్బు రాకపోతే భరిస్తాం. రోడ్డున పోయే మనిషికేమైనా అయితే బాధితులు పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో ఓ.పి. (పిటిషన్) వేస్తారు, ఆర్.సి. నా పేరున ఉంది కనుక 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం ఓనరును నేనే. పాలసీ షరతు మీరినట్టు తేలితే, బీమా సంస్థ ముందు బాధితులకు చెల్లించి ఆ సొమ్మును ఓనరు దగ్గర రాబట్టుకోవాలని చెప్పిన తీర్పులున్నాయి. అట్లాంటి నోటీసు అందుకున్న ఒక పెద్దమనిషి మా కౌంటరు ముందు నిలబడి, 'నడిపింది కొడుకు, పని కంపెనీది, కాగితం నాకెందుకు వచ్చింది సార్' అంటూ దాన్ని తిప్పి తిప్పి చూసుకోవడం ఇప్పటికీ నా కండ్ల ముందున్నది.

ఉద్యోగి విధి నిర్వహణలో ఇతరులకు కలిగించిన నష్టానికి యాజమాన్యం కూడా బాధ్యత వహించాలన్నది స్థిరపడిన న్యాయసూత్రమే, బండి ఎవరిదైనా సరే. అయితే ఆ ప్రయాణం కంపెనీ పనేనని రుజువు ఉండాలి కదా! మీ మేనేజరు ఫోన్‌లో 'జర భూపాలపల్లి దాకా పోయి రా' అంటే దానికి సాక్ష్యమేది? ప్రతి టూరుకూ ముందే ఒక మెయిలు పంపించమని అడుగు. మొహమాటపడకు.

నన్ను ఎక్కువ కలవరపెట్టింది వేరే విషయం. పాలసీతో పాటు తీసుకున్న 15 లక్షల వ్యక్తిగత ప్రమాద బీమా ఓనర్-డ్రైవరుకే, అంటే ఆర్.సి.లో పేరున్న మనిషికే వర్తిస్తుంది. రోజూ నడిపేది నువ్వు, బీమా నాకు! అందుకే బండిని నీ పేరు మీదికి మారుద్దాం. ఆ తర్వాత 14 రోజుల్లోగా పాలసీ కూడా మార్పించాలి. నా నో క్లెయిమ్ బోనసు, అంటే క్లెయిము చేయనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, నీకు రాదు, ఆ తేడా డబ్బు నేను కడతాను.

బండి పేరు మార్పుకు కావలసిన ఫారం 29, 30 నింపి ఉంచుతాను, వచ్చే శనివారం ఆధార్ కార్డు తీసుకుని రా. ఆ పెట్టెలు మాత్రం రేపే దించేయి.

మీ నాన్న